గట్టు పక్కవాడి మాట

మా ఇంటికి తూర్పున ఉన్న మూల ప్లాటు నా స్నేహితుడికి దక్కకుండా పోయింది. దక్కకుండా చేసింది నేను. ఈ రెండో వాక్యం రాయడానికి నాకు ఆరేళ్లు పట్టింది. కాలనీ వాళ్లు ఒప్పుకోలేదని, రోజులు అట్లా ఉన్నాయని, ఒక్కడి వల్ల ఏమవుతుందని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అవన్నీ నిజాలే. కాకపోతే అందరికంటే ముందు కదిలింది నా నోరు. అది మతం కోసం కదల్లేదు, కుళ్లుతో కదిలింది.

మేమిద్దరం కర్నూలు పాత టౌన్లో ఒకే సందులో పుట్టాం. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. వాళ్ల నాయన ఇళ్లలో బండలు పరిచే కూలి. మా నాయన మార్కెట్ యార్డులో హమాలీ. వాళ్లమ్మను సందులో అందరం ఖాలా, అంటే పిన్నీ, అనే పిలిచేవాళ్లం. నా స్నేహితుడు ఏడో తరగతిలో బడి మానేసి వాళ్ల నాయన వెంట పనికి పోయాడు. నేను పది పాసై, ఐటీఐ చేసి, కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్ అయ్యాను. ఆర్డరు చేతికొచ్చిన రోజు మా అమ్మకంటే ముందు ఖాలానే సందంతా తిరిగి చెప్పింది. "మా పిల్లోనికి సర్కారు నౌకరీ వచ్చింది" అని. ఆ "మా" ఎవరికీ కొత్తగా అనిపించలేదు.

ఉద్యోగం వచ్చాక నా పాత చొక్కాలు వాడికి ఇచ్చేవాణ్ణి. మొహమాటం లేకుండా తీసుకుని, నా ముందే తొడుక్కుని, "ఏమిరా, ఆఫీసర్ మాదిరి ఉండానా?" అని అడిగేవాడు. వాడంటే నాకు ప్రాణం అనుకునేవాణ్ణి. మనకంటే ఒక మెట్టు కింద ఉన్నవాడిని ప్రేమించడం ఎంత సులువో అప్పటికి నాకు తెలియదు.

పెద్ద వరద వచ్చినప్పుడు తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి పాత టౌన్ మీద పడ్డాయి. మాది రేకుల ఇల్లు, వాళ్లది మిద్దె. రెండు కుటుంబాలూ వాళ్ల మిద్దె ఎక్కి రెండు రోజులు కూర్చున్నాం. నీళ్లు దిగిన తర్వాత సందులో చాలామందికి ఒకటే ఆలోచన పుట్టింది, ఎత్తు మీదికి పోవాలని. ఖాలాకు అది ఆలోచన కాదు, భయం. ఆ తడిలో ఆమె మోకాళ్లు పట్టేశాయి. మబ్బు పట్టిందంటే చాలు, కొడుకు చెయ్యి పట్టుకునేది. "నన్ను యాడైనా మెట్టకు తీసుకపోరా. నేను నీళ్లలో చావను" అనేది. వాడు తీసుకుపోతానని మాటిచ్చాడు. ఆ మాట ఇచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

ముందు వెళ్లింది మాత్రం నేను. కల్లూరు వైపు కొత్తగా వేసిన ఒక కాలనీలో ప్లాటు కొని, బ్యాంకు లోనుతో ఇల్లు కట్టాను. ఎత్తైన నేల, ఎర్రమట్టి, వెడల్పాటి రోడ్లు. షేర్ ఆటో దిగి మా వీధిలోకి నడిచేటప్పుడు నా నడకే మారిపోయేది. అప్పటికి నా స్నేహితుడు బండల పనిలో మేస్త్రీ అయ్యాడు, కింద నలుగురు పనివాళ్లున్నారు. అయినా మా ఇంటికి బండలు తనే పరిచాడు. బేతంచెర్ల నుంచి ఒక్కో రాయినీ ఏరుకొచ్చి, పరిచిన ప్రతి బండనూ తాపీ పిడితో తట్టి, చెవి ఆనించి విన్నాడు. కింద డొల్ల ఉంటే శబ్దం తేడాగా వస్తుందట. దేవుడి గదిలో అయితే ఒక రోజంతా మోకాళ్ల మీదే ఉన్నాడు. "ఈడ మీ ఆవిడ గంటలు గంటలు కూర్చుంటాది, గరుకుండగూడదు" అని చేత్తో తడిమి తడిమి చూశాడు.

గృహప్రవేశానికి ముందురోజు కాలనీ పెద్దలు ముగ్గురు పలకరించడానికి వచ్చారు. మీదేవూరు, మీ ఇంటిపేరేమి అని అడిగారు. కొత్త కాలనీల్లో కులం ఎవరూ నేరుగా అడగరు. ఊరు, ఇంటిపేరు, తండ్రి పని, ఈ మూడూ అడిగితే చాలు, లెక్క తేలిపోతుంది.

"మీ నాయన ఏం చేస్తాండె?" అని ఒకాయన అడిగాడు.

"మార్కెట్ యార్డులో ఉద్యోగం సార్" అన్నాను.

వాళ్లు వెళ్లిపోయాక, మెట్ల దగ్గర బండల సందులు పూస్తున్న నా స్నేహితుడు తలెత్తాడు. "ఉద్యోగమా? మీ నాయన మెడ మీద కాయ చూసింటే సెల్యూట్ కొడుతుండిరి కదరా వాళ్లు!"

ఇద్దరం పగలబడి నవ్వాం. నవ్వు ఆగాక, ఎవరైనా విన్నారేమోనని నేను రోడ్డు వైపు చూశాను. వాడు అది గమనించాడు. మళ్లీ సందులు పూయడంలో పడ్డాడు.

ఆ తర్వాత నాలుగైదేళ్లలో వాడు నా కళ్లముందే పెరిగాడు. బండలకు పాలిష్ పట్టే మిషను కొన్నాడు. అపార్టుమెంట్లకు కాంట్రాక్టు తీసుకున్నాడు. ఒకసారి నా పాత చొక్కాల సంచి ఎప్పటిలాగే ఇచ్చాను. తీసుకుని, "సరేలే, మా పనోళ్లకు ఇస్తా" అన్నాడు. వాడి మాటలో ఏ గర్వమూ లేదు. నేనే ఆ రోజంతా ఆ మాట నములుతూ కూర్చున్నాను. తర్వాత మళ్లీ వాడికి చొక్కాలు ఇవ్వలేదు.

కారు కొన్న వారంలో మా ఆవిడ మొక్కు తీర్చడానికని మమ్మల్ని మంత్రాలయం తీసుకుపోయాడు. "కొత్త బండి ముందు ఒక మంచి సోటుకు పోవల్ల, మీ సామి దగ్గరికే పోదాం" అన్నాడు. మా అబ్బాయి ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా కారు గురించే అడిగాడు. నేను వెనక కూర్చుని ఏసీ ఎక్కువైందని రెండుసార్లు అన్నాను. రెండుసార్లూ తగ్గించాడు. మేము దర్శనానికి పోయి వచ్చేదాకా బయట చెప్పుల దగ్గర నిలబడ్డాడు. మా ఆవిడ ప్రసాదం ఇస్తే కళ్లకద్దుకుని తిన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఎమ్మిగనూరు దగ్గర గతుకుల రోడ్డు వచ్చింది. కారు అడుగు రాయికి తగిలి గర్రుమంది. లోపల నాకు కొంచెం హాయిగా అనిపించింది. ఆ హాయి ఇప్పటికీ గుర్తుంది.

వాడి కూతురికి మెడికల్ కాలేజీలో సీటు వచ్చినప్పుడు దూద్‌పేడా డబ్బా పట్టుకుని వచ్చాడు. మా అబ్బాయి ఆ ఏడాది డిగ్రీలో మూడు సబ్జెక్టులు పోగొట్టుకుని ఇంట్లో పడుకున్నాడు. నా స్నేహితుడు వెళ్లాక మా ఆవిడ డబ్బా మూత తీస్తూ అంది, "ఆ అన్న బండలు మోసి బిడ్డను డాక్టరును చేస్తాండాడు. చూడు."

"వాళ్లకు రిజర్వేషన్ ఉండాదిలే" అన్నాను.

మా ఆవిడ పేడా చేతిలో పట్టుకుని నావైపు తిరిగింది. "నీకు లేకనే వచ్చిందా ఉద్యోగం?"

ఇన్నేళ్లలో వాడి గురించి "వాళ్లు" అనడం అదే మొదటిసారి. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో నాకే వింతగా ఉంది. కుళ్లుకు దాక్కోవడానికి ఒక చోటు కావాలి. ఆ మాటలో నాకు ఆ చోటు దొరికింది.

ఒక ఆదివారం పొద్దున వాడు మా ఇంటికి వచ్చి, కాఫీ కూడా తాగకుండా నన్ను మేడ మీదికి లాక్కుపోయాడు. మూల ప్లాటు చూపించాడు. అది రిటైరైన ఒక బడి అయ్యవారిది. ఆయన కడపలో కూతురు దగ్గరికి పోతూ దాన్ని అమ్మకానికి పెట్టాడని నాకూ తెలుసు.

"బేరం అయిపోయిందిరా! బయానా ఇచ్చేసినా" అన్నాడు. "సంతోషంతో అమ్మ రాత్రి అన్నం గూడా తినల్యా. పిల్లోనింటి పక్కన అంటే మళ్లా ఒకటే గోడ కదా అంటాది. అదే పాట. మెట్టకు తీసుకపోరా, మెట్టకు తీసుకపోరా అని నా పానం తీసింది. ఇంగ తీసుకపోతాండా."

"మంచిదే" అన్నాను.

"మంచిదే ఏమిరా, మొగం అట్ల పెట్టినావు? రిజిస్ట్రేషన్‌కు సాక్షి సంతకం నువ్వే పెట్టల్ల. ఇంగెవరు పెడతారు?"

అక్కడే నిలబడి గాలిలో ఇల్లు గీశాడు. కింద, మెట్లు ఎక్కే పని లేకుండా, అమ్మకు ఒక గది. పైన కూతురు చదువుకోవడానికి ఒక పెద్ద గది, దానికి ఇటువైపు కిటికీ. వాడు వేలితో చూపించిన కిటికీ వైపు చూస్తే, అక్కడి నుంచి మా మేడ ఎట్లా కనపడుతుందో నాకు తెలిసిపోయింది. తుప్పు పట్టిన కూలరు, తెగిన నులక మంచం, తీగ మీద నా బనియన్లు, అన్నీ వాడి కిటికీ కిందే. రోజూ వాడి కారు మా గేటు దాటి పోతుంది. వాడి బిడ్డ తెల్లకోటు వేసుకుని పోతుంటే మా అబ్బాయి పిట్టగోడ మీద కూర్చుని చూస్తాడు. అన్నిటికంటే ముఖ్యంగా, వాడు పొద్దున్నే గోడ మీంచి "ఏమిరా!" అని అరుస్తాడు. ఆ కాలనీలో అందరూ నన్ను సార్ అంటారు. మా నాయన మెడ మీది కాయ సంగతి తెలిసినవాడు ఆ కాలనీలో ఒక్కడూ లేడు. రేపటి నుంచి ఉంటాడు.

మూడు రోజుల తర్వాత అయ్యవారు వచ్చాడు. మైదుకూరు పక్క పల్లె ఆయనది. ఎన్నేళ్లు టౌన్లో ఉన్నా పల్లె పద్ధతులు వదల్లేదు. వరండాలో కూర్చుని మజ్జిగ తాగి, కండువాతో మూతి తుడుచుకుని చెప్పాడు.

"మా పక్క చేను అమ్మాలంటే గట్టు పక్కవాణ్ణి అడక్కుండా అమ్మమప్పా. రేపు నీళ్లకాడ, దావకాడ కలిసుండాల్సింది వాడే కదా. వాడు వద్దంటే ఇంగొకరికి ఇస్తాం. టౌన్లో ఇదెవరూ పట్టించుకోరులే. బయానా తీసుకున్నా గానీ, రిజిస్ట్రేషన్‌కు ముందు నిన్ను అడక్కపోతే నాకు మాత్రం మనసు ఒప్పదు. గోడ పంచుకునేది నువ్వు. నీకు సమ్మతమేనా?"

"నాదేముంది సార్. చిన్నప్పట్నుంచి ఎరిగినోడు" అన్నాను.

"మంచోడేనా?"

"శానా మంచోడు సార్. కానీ..."

అక్కడ ఆగాను. ఆ "కానీ" తర్వాత చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఒక్క తప్పు కూడా లేదు. వాడు తాగడు, మాట తప్పడు, ఒకరి సొమ్ము తినడు. ఆయన గ్లాసు పట్టుకుని నా ముఖంలోకి చూస్తూ ఉన్నాడు. అప్పుడు కూడా వెనక్కి తీసుకోవచ్చు. "ఏం లేదు సార్, అమ్మండి" అంటే సరిపోయేది.

"కానీ ఏమప్పా?"

"ఏం లేదు సార్. కాలనీలో కూడా ఒక మాట అడిగితే బాగుంటుంది. రేపు ఎవరూ ఏమీ అనకుండా."

ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "సరే, నీకు ఇష్టం ల్యాదనుకుంటాలే" అని లేచాడు. లేదు సార్, అట్లా కాదు అని అనాల్సింది. నేను ఆయన చెప్పులు తిప్పి పెట్టాను.

కాలనీలో అడిగితే ఏమవుతుందో నాకు తెలుసు. రెండు రోజుల్లోనే మీటింగు పెట్టారు. ఆ మీటింగుకు ముందు సాయంత్రం నా స్నేహితుడు మళ్లీ వచ్చాడు. ఈసారి కారు వీధి చివర ఆపి నడిచి వచ్చాడు.

"కాలనీ వాళ్లు ఏమో మీటింగంట కదా, నా గురించి. నువ్వుంటావు కదా?"

"ఉంటా."

"ఒక మాట చెప్పురా. వాళ్లకు నేనెవరో తెల్దు. నీకు తెల్సు. ఈ మనిషి నాకు తెల్సు అని నువ్వంటే సాలు. ఇంగేమీ చెప్పొద్దు."

నా ముఖంలోకే చూస్తున్నాడు. నేను టీవీ రిమోట్ కోసం వెతుకుతున్నట్టు సోఫా కింద చూశాను. "నేను మాట్లాడతాలే, నువ్వు గమ్మునుండు" అన్నాను. కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు. వాడు అంత తక్కువ మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు.

పార్కు కోసం వదిలిన స్థలంలో, వినాయకుణ్ణి కూర్చోబెట్టే రేకుల షెడ్డు కింద కుర్చీలు వేశారు. ఇరవై మంది దాకా వచ్చారు. పప్పుల హోల్‌సేల్ షాపాయన ముందు మొదలుపెట్టాడు.

"మనకు ఎవరి మీదా ద్వేషం ల్యా. వాళ్లకు వాళ్ల ఏరియాలుండాయి కదా. ఆదివారమైతే మసాలా వాసన, పండగైతే ఇంగొకటి. ఆడోళ్లు పూజలు చేసుకునే వీధి ఇది."

వెనకనుంచి, పల్లెలో పొలాలుండి పిల్లల చదువు కోసం టౌన్‌కొచ్చిన ఒకాయన గట్టిగా అన్నాడు, "నీ ఇంట్లో రాదు గానీ శెట్టీ, మా ఇంట్లో ప్రతి ఆదివారం వస్తాది వాసన. నన్నూ పొమ్మంటావా?"

"పోయినవారం నీ తలకాయ కూరకు మా కుక్క గోడ దూకిందప్పా!" అని ఇంకొకరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఆదివారం మా ఇంట్లో వండిన పొట్టేలు మాంసం నా స్నేహితుడి బామ్మర్ది అంగడి నుంచి వచ్చిందే.

నవ్వు తగ్గాక ప్రెసిడెంటు అసలు సంగతికి వచ్చాడు. "తమాషా కాదు. ఒకరొస్తే ఇంగ పది మంది వస్తారు. రేపు మన ప్లాట్లు కొనేవాడుండడు. అయ్యవారు మంచోడు, మనల్ని అడిగినాడు. మనం చెప్పల్ల." తర్వాత నావైపు తిరిగాడు. "సార్, మీ ఇంటిని ఆనుకునే ఉండాది. మీరేమంటారు?"

ఈ మనిషి నాకు తెలుసు. అంతే అనాలి. నాలుగు మాటలు.

"మీరంతా ఎట్లంటే అట్ల" అన్నాను.

ఇంటికొచ్చి వాడికి ఫోన్ చేశాను. "నేను శానా కొట్లాడినా రా. ఎవరూ వినల్యా. పది మందీ ఒకటైపోయినారు" అని చెప్పాను. గొంతు కూడా బాధగా పెట్టాను. "సరేలేరా" అన్నాడు. "అమ్మకు చెప్తా."

వాడు ఇంకా మూడు కాలనీల్లో ప్రయత్నించాడని తర్వాత ఎవరో చెప్పారు. ఒకచోట ప్లాట్లన్నీ అయిపోయాయన్నారట. వెనక గోడమీది బోర్డులో ఖాళీ ప్లాట్లు పచ్చరంగులో కనపడుతూనే ఉన్నాయట. చివరికి ఎవరూ వద్దనని చోట కొన్నాడు. పాత చేపల చెరువు పూడ్చి ప్లాట్లు వేసిన నేల అది, పక్కనే వంక. ఇల్లు మాత్రం బాగా కట్టాడు. గృహప్రవేశానికి పిలిస్తే, డ్యూటీ ఉందని చెప్పి పోలేదు.

అయ్యవారు వాడి బయానా వెనక్కిచ్చేశాడు. మూల ప్లాటును ఒక సిమెంటు డీలరు కొన్నాడు. మూడంతస్తులు లేపాడు, రెండు కార్లు పెట్టాడు. అతని కిటికీలోంచి మా మేడంతా కనపడుతుంది. కూలరు ఇంకా అక్కడే ఉంది. అతని మీద నాకు ఏ కుళ్లూ పుట్టలేదు, ఎంతకీ పుట్టలేదు. అది గమనించిన రోజు నేను చేసిందేమిటో నాకు బాగా అర్థమైంది. అతను ఎవరో నాకు తెలియదు. అతను నా పాత చొక్కాలు తొడుక్కున్నవాడు కాదు.

పోయిన వానకాలం మూడు రోజులు వదలకుండా వాన పడింది. వంక పక్క కాలనీల్లోకి నీళ్లొచ్చాయని, షాకు కొట్టే ప్రమాదం ఉందని కంప్లెయింటు వచ్చింది. అప్పటికి నేను లైన్ ఇన్‌స్పెక్టరును. ఇద్దరు మనుషుల్ని తీసుకుని ట్రాన్స్‌ఫార్మర్ ఆపడానికి పోయాను. పని అయ్యాక జీపు తిప్పుకోవడానికి చోటు లేక ఆ వీధిలోకి పోవాల్సి వచ్చింది. నీళ్లు గడపలు దాటాయి. ఒక ఇంట్లో తలుపు తెరిచి ఉంది. ముందు గదిలో మంచం కింద నాలుగు పక్కలా ఇటుకలు పేర్చారు. ఆ మంచం మీద ఖాలా కాళ్లు పైకి ముడుచుకుని, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చేతిలో తస్బీ పూసలు తిప్పుతూ నీళ్లనే చూస్తోంది. జీపు వైపు చూడలేదు. నేను దిగలేదు. "పోనీయ్" అన్నాను డ్రైవరుతో.

వారం రోజులు అన్నం సరిగా తినలేదు. మా ఆవిడ అడిగితే చెప్పాను, అయ్యవారి సంగతి, మీటింగు సంగతి, ఫోను సంగతి, అన్నీ. ఆమె తిడుతుందనుకున్నాను. "పోయి చెప్పు" అంది, అంతే.

ఆదివారం పోయాను. వాడు గేటు ముందు లుంగీ ఎగ్గట్టి, పైపుతో బురద కడుగుతున్నాడు. జుట్టు బాగా నెరిసింది. నన్ను చూసి, "ఏమప్పా, ఇట్ల వచ్చినావు?" అన్నాడు. వాడి నోట "ఏమిరా" పోయి "ఏమప్పా" వచ్చింది. బయటివాళ్లను పలకరించే మాట అది. నిలబడే చెప్పేశాను. మీటింగులో నేనేమీ మాట్లాడలేదని, అంతకుముందే అయ్యవారితో అడ్డు చెప్పింది నేనేనని.

పైపు ఆపలేదు. మెట్ల మూల బురదంతా పోయేదాకా కడిగాడు.

"తెల్సు" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"ఆ పొద్దే. అయ్యవారు ఫోన్ చేసినాడు. మీ దోస్తుకే ఇష్టం ల్యానట్టుందప్పా అని."

"మరి మీటింగుకు ముందు నా ఇంటికొచ్చి..."

"తెల్సే వచ్చినా. నా మొగం చూస్తే మాట మారుస్తావేమో అని."

నాకు కూర్చోవాలనిపించింది. కూర్చోవడానికి అక్కడ ఏమీ లేదు, అంతా తడి.

"వాళ్లు వద్దన్నందుకు నాకేం ల్యా" అన్నాడు. "వాళ్లెవరు నాకు? ఆరేండ్లు నేను వేరేది ఆలోచన చేసినా. నేనేమన్నా తప్పు చేసినానా అని. నా బిడ్డ మీ పిల్లోణ్ణి ఏమన్నా అనిందా, మా ఆవిడ ఏమన్నా మాట జారిందా, కారు విషయంలో నేనేమన్నా ఎచ్చులు పోయినానా అని. చెప్పు. ఎందుకు వద్దన్నావు?"

"నువ్వు పైకొచ్చినావని."

నీళ్లు కట్టేసి నావైపు తిరిగాడు. "అంతేనా?"

"అంతే."

"దానికా!" అన్నాడు. కోపంగా అనుంటే బాగుండేది. ఎప్పుడో పోగొట్టుకున్న వస్తువు పనికిమాలిన చోట దొరికినవాడిలా అన్నాడు. కాసేపు చేతులు లుంగీకి తుడుచుకుంటూ నిలబడ్డాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"అమ్మకు మాత్రం చెప్పొద్దు. నువ్వు మా కోసం పది మందితో కొట్లాడినావని చెప్పినా. ఆమె అదే నమ్మింది. ఈ వయసులో ఆమె దగ్గర నుంచి అది లాక్కోవద్దు."

"నేను చెప్పేస్తేనే..."

"నువ్వు తేలికవుతావు. అంతే కదా? ఆమె ఏమవుతాది?"

లోపలి నుంచి ఖాలా గొంతు వినపడింది, ఎవరొచ్చారని. వాడు నా ముఖం వైపు ఒకసారి చూసి, లోపలికి పొమ్మన్నట్టు పక్కకు జరిగాడు.

మంచం కింద ఇటుకలు ఇంకా తీయలేదు. గోడ మీద మోకాలెత్తున నీళ్ల గీత ఉంది. ఖాలా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది. కళ్లు సరిగా కనపడవు, అందుకని ముఖం బాగా దగ్గరికి తెచ్చింది.

"మా కోసం అందరితో మాట పడినావంట కదా బేటా. మావోడు చెప్పినాడు. ఎవరు చేస్తారు ఈ కాలంలో? ప్రతి నమాజులో నీకు, నీ బిడ్డకు దువా చేస్తాండా."

తలుపు దగ్గర వాడు నిలబడి ఉన్నాడు.

"మన సందులోవాళ్లం కదా ఖాలా" అన్నాను.

కోడలిని పిలిచి నాకు సేమియా పెట్టించింది. తినేదాకా చూస్తూ కూర్చుంది. నేను లేస్తుంటే వాడు గేటు దాకా రాలేదు. మళ్లీ రమ్మనీ అనలేదు. "వారం వారం రా బేటా" అంది ఖాలా.

రమ్మన్నది ఆమె కాబట్టి పోతున్నాను. ఆమెకు చదవడం రాదు. అందుకే ఇదంతా కాగితం మీద పెట్టగలుగుతున్నాను. ఇదీ ఒక పిరికితనమేనని తెలుసు. వంక గట్టు ఎత్తు పెంచమని ఆ కాలనీ వాళ్లు పెట్టిన అర్జీలో, నాది ఆ కాలనీ కాకపోయినా, సంతకం పెట్టాను. దానికి ఎవరూ నన్ను మెచ్చుకోనక్కరలేదు.

ప్రతి ఆదివారం ఖాలా ఆ మీటింగు సంగతి ఎవరో ఒకరికి చెబుతుంది, పక్కింటివాళ్లకో, చూడ్డానికొచ్చిన చుట్టాలకో. నా చెయ్యి పట్టుకునే చెబుతుంది. కథ కొంచెం కొంచెం పెరుగుతోంది. మొన్న నేను ప్రెసిడెంటును నిలదీసి, కుర్చీ తన్ని లేచి వచ్చేశానని చెప్పింది. ఆ కుర్చీని ఎవరు చేర్చారో, ఆమె చేర్చిందో వాడు చేర్చాడో నాకు తెలియదు. వాడు పక్క గదిలోనే ఉన్నాడు, టీవీ చప్పుడు తగ్గించి. వచ్చిన చుట్టం నావైపు గౌరవంగా చూస్తూ, "నిజమేనా సార్?" అని అడిగాడు. ఖాలా కూడా నా ముఖం దగ్గరికి ముఖం తెచ్చి, జవాబు కోసం ఎదురుచూసింది.

అవునన్నాను.